అవతలి సగం

ఆ ఎండాకాలం మా ఆఫీసులో గోడలు పడగొట్టారు. పడగొట్టడానికి వచ్చినవాళ్లు చాలా మర్యాదస్తులు. సమ్మెట ఎత్తే ముందు తలుపు తట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగి మరీ కొట్టారు. లోపల ఉన్నవాళ్లకి జవాబు చెప్పే అలవాటు లేదు. అందుకని ఇద్దరి నెత్తిన సున్నం పడింది.

మా ఆఫీసంటే ఏ ఆఫీసని అడక్కండి. బయట బోర్డు మీద తూనికల కొలతల శాఖ అని ఉండేది. నేనున్నన్నాళ్లూ ఒక్క తూనికరాయి గడప దాటి లోపలికి రాలేదు. ఒకసారి కూరగాయలమ్మేవాడొకడు తక్కెడ పట్టుకొచ్చి, ముద్ర వేస్తేగానీ కదలనని గేటు దగ్గర బైఠాయించాడు. వాణ్ని సాగనంపేసరికి ముగ్గురు ఆఫీసర్లకి చెమటలు పట్టాయి. వాణ్ని అక్కడికి పంపిందెవరో వాళ్లకి ఇప్పటికీ తెలియదు. మీకూ చెప్పను.

లోపల జరిగే పని ఒక్కటే, ఊళ్లోవాళ్ల ఫోన్లు వినడం. దానికో పద్ధతి ఉంది. ఫోన్లో ఇద్దరు మాట్లాడుకుంటారు కదా, ఆ ఇద్దరినీ ఒకే మనిషి వినకూడదు. చేసినవాడి మాటలు కుడి గదిలో, ఎత్తినవాడి మాటలు ఎడమ గదిలో. మధ్యలో గోడ. ఎవడికీ పూర్తి కథ తెలియకూడదని ఎవరో మహానుభావుడు పెట్టిన రూలు. రెండు గదుల టేపుల్నీ తోపుడు బండిలో పెట్టుకుని పై అంతస్తుకి తోసుకెళ్లేది నేను. డబ్బాల మీద రాతలు చదవలేనివాడే ఆ పనికి కావాలట. ఏడో క్లాసు రెండుసార్లు తప్పానని కాగితం చూపిస్తే కళ్లకద్దుకుని తీసుకున్నారు. నా చదువు నాకు పనికొచ్చింది ఆ ఒక్కచోటే.

నన్ను చేర్పించింది మా బావ, మా అక్క మొగుడు. కుడి గదిలో ఆయనే పెద్ద. హెడ్‌ఫోన్లు పెట్టీ పెట్టీ చెవుల పైన గాడి పడిపోయింది. ఆ గాడిలో పెన్సిల్ పెట్టి, ఊడకుండా ఎంతసేపు ఉంటుందో అని నేను పందేలు కాసేవాణ్ని. ఆయన ఏమీ అనేవాడు కాదు. అసలు ఎవరితోనూ ఏమీ అనేవాడు కాదు. ఇంట్లో ఏం అడిగినా "ఊ" అనడమే. ఒక సగం విని, వినని సగాన్ని ఊహించి చెప్పడంలో మాత్రం ఆయనంతటివాడు లేడని ఆఫీసంతా ఒప్పుకునేది.

నేను ఉండేది వాళ్లింట్లోనే, ముందుగదిలో మంచం వేసుకుని. పెళ్లి కాలేదు. చేసుకుంటానన్న పిల్లకి నా సంగతి ఒకరోజు ముందు తెలిసిపోయింది.

రోజూ సాయంత్రం ఎండ దిగాక అక్క ఫోన్ దగ్గర కూర్చునేది. బావ కిటికీ పక్కన పేపరు పట్టుకుని కుర్చీలో.

"ఆ, నేనేనే. తిన్నావా? అదేం తిండే తల్లీ, ఆ మాత్రానికి పొయ్యి వెలిగించడం దేనికి. మీ ఆయన దగ్గు తగ్గిందా? ఆ... ఆ... సరే. నాన్నా? ఇక్కడే ఉన్నారు. ఇవ్వనా?"

అక్కడ అక్క ఆగేది. పేపరు కదలడం కూడా ఆగేది.

"వద్దా? సరేలే. బలవంతం ఏముంది."

పేపరు పేజీ తిరిగేది.

అవతల ఉన్నది వాళ్లమ్మాయి, నా మేనకోడలు. ఊరికి ఆ చివర కాపురం. మొగుడు చిన్న పత్రిక నడిపేవాడు. నాలుగేళ్ల కిందట దానికి తాళం పడింది. ఆ రోజు వచ్చి తండ్రిని ఏదో అడిగింది, ఆయన జవాబు చెప్పలేదు, అది మళ్లీ ఆ గడప తొక్కలేదు. తల్లితో మాత్రం రోజూ ఫోన్లో మాట్లాడుతోంది కదా, ఎప్పటికైనా మెత్తబడుతుందని మా నమ్మకం.

"బావా, నువ్వు రోజూ వద్దనిపించుకోవడానికే కుర్చీ వేసుకుంటున్నట్టున్నావు. ఒకరోజు ఇమ్మంటే కంగారులో పేపరు చెవికి పెట్టుకుంటావు" అన్నాను ఓ సాయంత్రం.

బావ పేపరు దించి, "ఇవాళ వద్దనే ముందు కొంచెం ఎక్కువసేపు ఆగింది. విన్నావురా?" అన్నాడు.

"నేనేం వినలేదు."

"ఆగింది. నిన్న ఇంతసేపు ఆగలేదు."

ఆ ఎండాకాలం మా బావకి ఉన్న ఆశంతా అదే. ఆ ఆగడం రోజుకి కాస్త పెరిగి, ఒకనాటికి అవునవుతుందని.

*

గోడలు పడగొట్టించినాయన్ని మేం మార్పు సారనేవాళ్లం. పై నుంచి పంపారు. ఆఫీసుని మార్చమని పంపారట. చేతులు మడిచిన చొక్కా, ఎప్పుడూ నవ్వే మొహం. మొదటిరోజే అందరినీ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చోమన్నాడు.

"ఇకనుంచి సార్ అనకండి. నన్ను పేరు పెట్టి పిలవండి" అన్నాడు.

"మీ పేరేంటి సార్?" అన్నాను నేను, టీ బండి పక్కన నిలబడి.

ఆయన నోరు తెరిచి మళ్లీ మూశాడు. ఆయన పేరు మాకు చెప్పకూడదని పై నుంచి రూలు. అందుకే మార్పు సారయ్యాడు.

కుడి గది, ఎడమ గది కలిసి పెద్ద హాలైంది. ఇరవై ఏళ్లు గోడకి ఇటొకరు అటొకరు పనిచేసినవాళ్లు మొదటిసారి మొహాలు చూసుకున్నారు. ఒకడి దగ్గర ప్రశ్నలు, ఇంకొకడి దగ్గర జవాబులు. ఎడమ గది పెద్ద ఒకాయన, లావుపాటి మనిషి, మా బావ దగ్గరికొచ్చి, "ఆ మందుల కొట్టువాడు పొద్దస్తమానం 'రేపు, రేపు' అనేవాడు. ఏమడిగితే అలా అనేవాడండీ?" అన్నాడు. పాపం, అది తెలియక ఎన్నేళ్లు కొట్టుకున్నాడో. బావ "ఊ" అని వెళ్లిపోయాడు. ఆ లావుపాటాయన మొహం అలా మాడిపోయింది. దాన్ని మనసులో పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

హాలు మధ్యలో మిషన్ దింపారు. బీరువాలంత పెట్టెలు, ఒకదానికొకటి ఆనించి. మనుషులు విన్నదంతా ఇక అదే వింటుందట, రెండు సగాలూ తనే కలుపుతుందట, ఏది అనుమానమో తనే చెబుతుందట. దాన్ని చూసుకోవడానికి హాల్లో కొన్ని కుర్చీలుంటాయి. మిగతావాళ్లు ఇంటికి. మొదటి కుర్చీ మా బావదేనని అందరూ అనుకున్నారు.

ఇక్కడో చిక్కొచ్చింది. మిషన్ బిగించడానికొచ్చిన కుర్రాళ్లు బయటి కంపెనీవాళ్లు. వాళ్లకి మా టేపులు వినిపించకూడదు, రహస్యం. ఏదో ఒకటి వినిపించకపోతే మిషన్ పనిచేస్తోందో లేదో తెలియదు. మా ఆఫీసర్లు మూడు రోజులు తలలు పట్టుకుని, రహస్యం కాని ఫోన్లు ఎవరివా అని వెతికారు. చివరికి దొరికాయి. మావి. మా ఇళ్లలో ఉన్నవి ఆఫీసు ఇచ్చిన ఫోన్లే. ఎవరిళ్లు వినాలన్నా పై నుంచి సంతకం కావాలి గానీ, మా ఇళ్లు వినడానికి అక్కర్లేదు.

"ఇందులో బలవంతం లేదు. ఇష్టం లేనివాళ్లు చెయ్యెత్తి కారణం చెప్పండి" అన్నాడు మార్పు సారు నవ్వుతూ.

ఎవరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. చెప్పకూడదనుకోండి. చెప్పకూడనిది నా కడుపులో అరగదు. ఫోనెత్తి, "మిషన్ గారూ, మా అక్క ఇవాళ కూరలో ఉప్పెయ్యలేదు, నమోదు చేసుకోండి" అని కూడా అన్నాను. అక్క నవ్వలేదు.

"రెండు వైపులా వింటుందంట్రా?" అంది.

"రెండు వైపులేంటి, మధ్యలో దూరి కూడా వింటుంది."

"మీ బావగారు వింటారా?"

"బావకేం పని. మిషనే వింటుంది. దానికి బుద్ధి వచ్చేదాకా మనింటి కబుర్లు తిని బతకాలి."

అక్క ఫోన్ వైపు చూసింది. ఆ సాయంత్రం ఇక కూర్చోదేమో అనుకున్నాను. బావ వచ్చి కుర్చీ కిటికీ పక్కకి లాక్కున్నాడు, పేపరు విప్పాడు, ఎదురుచూశాడు. అక్క చేతులు తుడుచుకుని వెళ్లి ఫోనెత్తింది.

"ఆ, నేనేనే" అంది.

*

మిషన్‌కి బుద్ధి వచ్చిందని చెప్పి ఒక మధ్యాహ్నం అందరినీ హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టారు. ఫ్యాన్లు తిరుగుతున్నా వేడిగాలే. నేను టీ కప్పులు అందిస్తున్నాను. టేపులు పోయాక నా బండికి కప్పులెక్కించారు మరి.

మార్పు సారు లేచి, "మిషన్ అన్ని ఇళ్ల ఫోన్లూ చక్కగా కలిపింది. ఒక్క ఇంటిదే కలవడం లేదు. మావాళ్లు వైర్లు మార్చారు, బోర్డులు మార్చారు. అయినా అంతే. ఎవరిల్లో నేను చెప్పను. విన్నాక వాళ్లే లేచి చెబితే, మనం నిజంగా మారామని నాకు నమ్మకం కలుగుతుంది" అన్నాడు.

కుర్రాడొకడు మీట నొక్కాడు. కుడివైపు పెట్టెలోంచి మా అక్క గొంతు వచ్చింది.

"తిన్నావా? అదేం తిండే తల్లీ."

ఎడమవైపు పెట్టెలోంచి కూ అని ఒకటే మోత. ఎవరికీ కలపకుండా ఊరికే ఫోనెత్తి పట్టుకుంటే వస్తుందే, అది.

"మీ ఆయన దగ్గు తగ్గిందా?"

కూ.

"నాన్నా? ఇక్కడే ఉన్నారు. ఇవ్వనా?"

కూ.

"వద్దా? సరేలే. బలవంతం ఏముంది."

నా జన్మలో నేను ఎంతమందిని ఆటపట్టించానో లెక్కలేదు. గురువుల్ని, పోలీసుల్ని, ఒకసారి శవాన్ని మోసేవాళ్లని కూడా. అవన్నీ మా అక్క ముందు దిగదుడుపు. నాలుగేళ్లు, రోజూ, పక్కనే మొగుణ్ని కూర్చోబెట్టుకుని. నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. తలెత్తి బావని చూసేదాకా.

బావ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మెడ కొంచెం పక్కకి వంచాడు. పనిలో ఉన్నప్పుడు అలాగే వంచుతాడు.

గుండ్రంగా ఉన్న తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. నేను కప్పుల పళ్లెం బండి మీద పెట్టి చెయ్యెత్తాను.

"ఆ కూ అన్నది నేనే సార్. వెనకాల నిలబడి ఈల వేశాను. మా అక్కని ఆటపట్టించడానికి."

అందరూ నవ్వారు. నా సంగతి తెలుసు కాబట్టి నమ్ముతారనుకున్నాను.

"అలాగా. అయితే ఇంకో రోజుది విందాం" అన్నాడు మార్పు సారు.

ఇంకో రోజుది వేశారు. కూ. ఆ ముందు రోజుది వేశారు. కూ. నా పుణ్యమా అని బావ ఇవ్వనా, వద్దా అన్నవి ఎన్నిసార్లు విన్నాడో. చివరికి నేనే చెయ్యి దించేశాను.

"ఏ పరాయి ఇంట్లోనో ఒక మనిషి ఇలా రోజూ ఖాళీ ఫోన్లో మాట్లాడితే మనం ఏమంటాం?" అన్నాడు మార్పు సారు.

"సంకేతం అంటాం" అన్నాడు ఎడమ గది లావుపాటాయన వెంటనే. మాట్లాడమన్నారు కదా, ఇక ఆగలేదు. "ఈయన ఇరవై ఏళ్లలో నాకొక్క నమస్కారం పెట్టలేదు."

"పెట్టకూడదని రూలు కదండీ" అన్నారెవరో.

"రూలు సరే. మనసుండొద్దూ?"

ఇంకొకావిడ లేచింది. ఈయన్ని చూస్తే ఎప్పుడూ భయంగానే ఉండేదంది. ఇంకొకాయన, భోజనం డబ్బా కూడా గోడవైపు తిరిగి తెరిచేవాడన్నాడు. నోళ్లు విప్పమంటే ఒక్కొక్కరూ ఇలా విప్పారు. మార్పు సారు ప్రతిదానికీ తలూపి, "మంచిది, మనసులో ఉంచుకోలేదు" అంటున్నాడు.

అన్నీ అయ్యాక బావ లేచాడు.

"అవతల మా అమ్మాయే ఉంది. దాని గొంతు మెత్తన. మీ మిషన్‌కి అందదు" అన్నాడు.

నేను ఆయన నోట విన్న అతి పొడుగు మాట అదే.

"అంటే మిషన్ తప్పంటారా?"

"తప్పే."

"ఇంట్లో ఏదో సరదా అని చెప్పేస్తే ఇంతటితో అయిపోతుంది. మిషన్ తప్పన్నవాళ్లకి ఈ హాల్లో కుర్చీ వెయ్యలేను. ఆలోచించుకోండి."

"నేను విన్నాను. అది మాట్లాడుతుంది" అన్నాడు బావ. మెడలో పాస్ తీసి, దాని తాడు చుట్టచుట్టి, కుర్చీలో పెట్టి వెళ్లిపోయాడు. నేను బండి తోసుకుంటూ వెనకాల వెళ్లబోతే, ఒకడు కప్పు చూపించి చక్కెర తక్కువైందన్నాడు.

*

ఆ మర్నాడే నేను మేనకోడలింటికి వెళ్లాను. మేడ మీద ఒకటే గది. అది కిటికీ దగ్గర కూర్చుని ఎవరివో రవికెలు కుడుతోంది.

"రా మావయ్యా. ఈసారి ఏం వేషం వేసుకొచ్చావు?"

"వేషం కాదే. మీ అమ్మ రోజూ ఖాళీ ఫోన్లో నీతో మాట్లాడుతోంది. ఒక్క ఫోన్ చెయ్యి. ఒక్కటంటే ఒక్కటి. బాగున్నావా నాన్నా అను, పెట్టెయ్యి."

"ఎవరు వింటారు?"

"ఎవరు విననీ. మీ నాన్న కూడా వింటాడు కదా."

అది దారం కొరికింది. "మా ఆయన పత్రిక మూసేసిన రోజు వెళ్లి ఒకటే అడిగాను. నాన్నా, విన్నది నువ్వేనా అని. ఏమన్నాడో తెలుసా?"

"ఊ అన్నాడు."

"అది అవునా, కాదా?"

ఆయన విన్నది సగమే, ఎవరి సగమో ఆయనకీ చెప్పరు, ఆయనకే తెలియకపోవచ్చు అన్నాను.

"నాకూ ఆ సగమే ఇచ్చాడు. దాంతోనే బతుకుతున్నాను. అమ్మ రోజూ ఫోన్లో మాట్లాడుతుందన్నావే, ఏం మాట్లాడుతుంది?"

చెప్పాను. తిన్నావా అంటుందని, దగ్గు తగ్గిందా అంటుందని, నాన్నకి ఇవ్వనా అంటుందని.

"నేనేమంటాను?"

"వద్దంటావు."

అది కుట్టు మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. "బాగానే చెబుతోంది" అంది.

*

ఉద్యోగం పోయాక ఆఫీసు ఫోన్ ఉంచరు. మా ముగ్గురం చూస్తుండగా లైన్‌మన్ వచ్చి స్తంభం నుంచి తీగ కోసి, చుట్టచుట్టి భుజానికి తగిలించుకున్నాడు. ఫోన్ మాత్రం ఇంట్లోనే వదిలేశాడు. పాత రకం, దాన్ని వెనక్కి తీసుకోవడం పెద్ద తంతు అన్నాడు. గోడలోంచి బయటికొచ్చిన తీగ మూర మిగిలింది.

హాల్లో ఏం జరిగిందో బావ ఇంట్లో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇది మాత్రం చెప్పకూడనిదయి ఉండి కూడా నా కడుపులో ఉండిపోయింది. అక్క అడగలేదు. అడగనిదాన్నిబట్టే అర్థమైంది, ఆవిడకి తెలిసిపోయిందని.

ఆఫీసులో నేను టీ బండి తోస్తూనే ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లకి మొదటి పాఠం మా అక్క టేపే. వాళ్లు నేర్చుకునేంతసేపూ నేను చక్కెర కలుపుతూ నిలబడేవాణ్ని. వద్దా దగ్గరికొచ్చేసరికి ప్రతి గుంపూ నవ్వేది. రెండో వారానికల్లా ఆ నవ్వు ఎక్కడ వస్తుందో నాకు ముందే తెలిసిపోయింది. కప్పులు ఒలకకుండా ముందే బండి ఆపుకునేవాణ్ని.

తీగ కోసిన రోజు సాయంత్రం బావ కుర్చీ కిటికీ పక్కకి లాక్కున్నాడు. పేపరు విప్పాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. బావ ఎదురుచూస్తూనే ఉన్నాడు.

అక్క వచ్చి ఫోనెత్తింది.

"ఆ... నేనేనే" అంది. "తిన్నావా?"

మూర తీగ గోడ మీద వేలాడుతోంది. అది ముగ్గురికీ కనిపిస్తోంది.

"సరే... సరే. నాన్నా? ఇక్కడే ఉన్నారు. ఇవ్వనా?"

ఆగింది.

"ఇలా ఇవ్వు" అన్నాడు బావ.

ఆయన లేచి వచ్చి అక్క చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. చెవికి పెట్టుకున్నాడు. సరిగ్గా ఆ గాడిలో కూర్చుంది. మెడ పక్కకి వంచాడు.

"ఊ" అన్నాడు. కాసేపాగి, "ఊ, బాగానే ఉన్నానమ్మా" అన్నాడు. ఆయన మొహంలో చిరునవ్వు చూసి ఎన్నాళ్లైందో. "అలాగే. రేపు మళ్లీ చేస్తాను."

పెట్టేసి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమంటుంది?" అంది అక్క. ఏం అడుగుతోందో ఆవిడకే తెలిసినట్టు లేదు.

"ఇంటి కబుర్లు."

"నన్ను అడిగిందా?"

బావ పేపరు పేజీ తిప్పాడు. "లేదు" అన్నాడు.

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒక గిన్నె కింద పడిన చప్పుడైంది. తీయలేదు.

ఇక ఆ ఎండాకాలమంతా ఫోన్ బావదే. సాయంత్రమయ్యేసరికి అక్క వచ్చి కిటికీ పక్కన ఆ కుర్చీలో కూర్చునేది. చేతిలో ఏదో ఒక బట్ట, మడతపెడుతున్నట్టు. బావ ఊ కొట్టేవాడు, మధ్యమధ్యలో నవ్వేవాడు, "మీ అమ్మా? ఇక్కడే ఉంది, ఇవ్వనా?" అనేవాడు. ఆగేవాడు. "సరేలే" అనేవాడు. ఇద్దరికీ మధ్య దూరి ఏదో ఒక కోతివేషం వేద్దామని రోజూ అనుకునేవాణ్ని. ఒకసారి ఫోన్ కింద గోళీ పెట్టాను, ఎత్తగానే దొర్లిపడేలా. బావ గోళీ తీసి నా మంచం మీద పెట్టి, మళ్లీ ఫోనెత్తుకున్నాడు.

అది కక్షో, జాలో, ఆయనకే మతి తప్పిందో నేను చెప్పలేను. నాకు వినిపించేదీ సగమే.

తొలి వాన పడిన సాయంత్రం కూడా అంతే. కిటికీలోంచి జల్లు కొడుతున్నా అక్క కుర్చీ జరపలేదు.

"మీ అమ్మా? ఇక్కడే ఉంది. ఇవ్వనా?" అన్నాడు బావ.

ఆగాడు. వాన చప్పుడు వింటున్నాడో ఏమో, రోజూ కంటే ఎక్కువసేపే ఆగాడు.

"వద్దా? సరేలే" అన్నాడు.

అక్క తడిసిన బట్ట ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఇవాళ కొంచెం ఎక్కువసేపు ఆగింది. విన్నావురా?" అంది.